పన్ను మొగ్గ ఎందుకు ఆగిపోతుంది? చిట్టెలుక పిండాలు తేల్చిన సంగతులు

పాలపన్ను ఊడి ఏడాది దాటినా దాని చోట కొత్త పన్ను రాలేదని పిల్లాణ్ణి వెంటబెట్టుకుని గుంటూరు కొత్తపేటకో, బెజవాడ సూర్యారావుపేటకో వెళ్తారు. డాక్టరు ఓపీజీ అని, రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పెట్టి చూపిస్తారు. మిగతా పాలపళ్ళ వేళ్ళ కింద శాశ్వత దంతాల మొగ్గలు తెల్లగా వరసలో కనిపిస్తుంటాయి, ఒక్క చోట మాత్రం ఎముక తప్ప ఇంకేమీ ఉండదు. "ఆలస్యం కాదమ్మా, లోపల అసలు పన్నే తయారవలేదు" అంటారు.

అసలు రభస ఇంటికొచ్చాక మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం మాత్రలు వేసుకోమంటే విన్నదా అని అత్తగారు, గ్రహణం రోజు వాకిట్లోకి వచ్చి నిలబడింది గుర్తుందా అని పెద్దమ్మ, మేనరికం వద్దని మేం ముందే చెప్పాం కదా అని ఇంకెవరో. నింద చివరికి తిరిగి తిరిగి తల్లి నెత్తినే పడుతుంది. నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను, ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే పన్ను ఎందుకు రాలేదన్న ప్రశ్నకి సూటి జవాబు దొరకడం మొదలై ముప్పై ఏళ్ళయింది, అది దొరికింది చిట్టెలుక పిండాల్లో.

ఎలుకల దగ్గరికి వెళ్ళేముందు ఒక్క విషయం. జ్ఞానదంతాలు వదిలేస్తే, పుట్టుకతో లేకుండా పోయే పళ్ళలో ఎక్కువసార్లు కనిపించేది కింది దవడలో కోరపన్ను వెనక రెండోది, పుస్తకాల్లో రెండో అగ్రచర్వణకం అంటారు. ఆ పన్ను మొగ్గ తొడగడం మొదలయ్యేదే బిడ్డ పుట్టిన కొన్ని నెలలకి. అలాంటప్పుడు తల్లి గర్భంతో ఉండగా ఏ మాత్ర మింగింది, ఏ గ్రహణానికి ఎక్కడ నిలబడింది అని పంచాయితీ పెట్టి ఏం లాభం? కాల్షియం మాత్రలు తల్లికి అవసరమే, తప్పకుండా వేసుకోవాలి, కానీ ఈ పన్ను లెక్క వేరు.

పరిశోధనకి చిట్టెలుకే ఎందుకంటే దాని నోరు మన నోటికంటే చాలా తేలిక. మొత్తం 16 పళ్ళు. ప్రతి సగం దవడలో ముందు ఒక కొరికే పన్ను, వెనక మూడు దవడ పళ్ళు, మధ్యలో ఖాళీ. కోరపళ్ళు లేవు, అగ్రచర్వణకాలు లేవు, పాలపళ్ళు ఊడి మళ్ళీ రావడమూ లేదు. గర్భం 19, 20 రోజుల్లో ముగుస్తుంది. కావాలనుకున్న ఒక్క జన్యువుని పనిచెయ్యకుండా చేసి, ఆ పిండం దవడని ఫలానా రోజున పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూడొచ్చు. పదకొండో రోజు దాటాక నోటి లోపలి పొర కొన్ని చోట్ల మందమవుతుంది. పదమూడో రోజుకి ఆ మందం కిందికి దిగి మొగ్గలా ఉబ్బుతుంది, పద్నాలుగు దాటేసరికి మొగ్గ అడుగు లోపలికి ముడుచుకుని టోపీ ఆకారంలోకి వస్తుంది, పదహారు దాటాక గంట ఆకారం. బీడీఎస్ పిల్లలు బడ్, క్యాప్, బెల్ అని కంఠతా పట్టేది ఇదే. మన పళ్ళు కూడా ఈ దారినే వస్తాయి, కాకపోతే వాటికి రోజులు చాలవు, నెలలూ ఏళ్ళూ పడుతుంది.

పన్ను తయారవ్వాలంటే రెండు పొరలు కలవాలి. పైన ఉండేది నోటి లోపలి చర్మం లాంటి ఉపకళ, పన్ను మీద గట్టి తెల్ల పొర అయిన ఎనామిల్ దీన్నుంచే వస్తుంది. దాని కింద ఉండేది మీసెంకైమ్ అనే వదులు కణజాలం. మెదడు, వెన్నుపాము ఏర్పడే చోటు అంచుల నుంచి దవడలోకి వలస వచ్చిన కణాలివి, ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అనే గట్టి భాగమూ లోపలి గుజ్జూ వీటి పని. ఈ రెండు పొరలూ రోజుల తరబడి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మాట అంటే ఇక్కడ ప్రోటీను. ఒక పొర కణాలు ఒక ప్రోటీన్ని బయటికి వదులుతాయి, అది పక్క పొర కణాలకి తగిలి అక్కడ నిద్రపోతున్న జన్యువుల్ని లేపుతుంది, లేచిన జన్యువులు తమ వంతుగా ఇంకో ప్రోటీన్ని తయారుచేసి తిరిగి పంపిస్తాయి.

మొదట నోరు విప్పేది ఎవరన్నది 1987లో మినా, కొల్లార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చారు. పన్నెండో రోజుకి ముందు పిండం దవడ మీది పొరని ఒలిచి, పళ్ళు ఎప్పుడూ మొలవని ఇంకో చోటి మీసెంకైమ్ మీద అతికిస్తే అక్కడ పన్ను వచ్చింది. అంటే మొదటి మాట పై పొరదే. పన్నెండో రోజు దాటాక పెత్తనం చేతులు మారుతుంది, అప్పట్నుంచి కింది పొర చెప్పినట్టే పై పొర వింటుంది. కొల్లార్ 1970లోనే చేసిన ఇంకో ప్రయోగం చూడండి, పిండం పాదం మీది చర్మపు పొరని తెచ్చి పన్ను తాలూకు కింది పొరతో కలిపితే, పాదంలో ఉండాల్సిన ఆ చర్మం ఎనామిల్ తయారుచేసే పనిలో పడింది! నేను క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు వెనక బెంచీలో కునికిపాట్లు పడేవాడు కూడా తలెత్తుతాడు.

ఇక మ్యుటేషన్ల దగ్గరికి, అంటే జన్యువుల్లో వచ్చే మార్పుల దగ్గరికి వద్దాం. జన్యువులో మ్యుటేషన్ వస్తే పన్ను 'మాయమైపోతుంది' అని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మాటల్లో ఒకచోట జవాబు రాదు, అక్కడితో పని ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో చూస్తే ఆ జన్యువు చెప్పాల్సిన మాటేంటో తెలుస్తుంది.

దీనికి ఎంఎస్ఎక్స్1 అనే జన్యువు కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. 1994లో సటోకటా, మాస్ అనే ఇద్దరు ఈ జన్యువు రెండు ప్రతులూ, అంటే తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ, పనిచెయ్యని ఎలుకల్ని తయారుచేశారు. ఆ పిల్లలు అంగిట్లో చీలికతో పుట్టి, పుట్టగానే చనిపోయాయి. వాటి దవడని కోసి చూస్తే పళ్ళ పని అస్సలు మొదలవ్వలేదని కాదు, మొదలైంది! పై పొర మందమైంది, కిందికి దిగింది, పదమూడో రోజు మొగ్గ మామూలు ఎలుకలో ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంది. తేడా అంతా ఆ మర్నాడు. మామూలు పిండంలో మొగ్గ చుట్టూ కింది పొర కణాలు గుమిగూడి ఒత్తుగా అవుతాయి, మొగ్గ అడుగు గుంటపడి టోపీ మొదలవుతుంది. ఎంఎస్ఎక్స్1 లేని పిండంలో ఆ గుంట పడదు, మొగ్గ మొగ్గలాగే ఉండిపోతుంది, రోజులు గడిచినా అంతే.

ఎందుకు? పై పొర బీఎంపీ4 అనే ప్రోటీన్ని కిందికి పంపుతుంది. అది తగిలిన కింది పొర ఎంఎస్ఎక్స్1ని లేపుతుంది, ఎంఎస్ఎక్స్1 కింది పొర చేత బీఎంపీ4ని తయారుచేయించి పైకి తిప్పి పంపిస్తుంది. ఈ తిరుగు జవాబు వస్తేనే మొగ్గ ముందుకి కదులుతుంది. ఈ ఊహ నిజమా కాదా అని చూడటానికి పరిశోధకులు చేసిన పని సూటిగా ఉంది. ఎంఎస్ఎక్స్1 లేని పిండం నుంచి ఆగిపోయిన పన్ను మొగ్గని తీసి గాజు పాత్రలో పెంచుతూ, దానికి బీఎంపీ4 ప్రోటీన్ని బయట నుంచి అందించారు. ఆగిపోయిన మొగ్గ మళ్ళీ కదిలింది, టోపీ దశకి వెళ్ళింది! జన్యువు ఇంకా చెడిపోయే ఉంది, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు, అది చెప్పాల్సిన మాటని ఇంకొకరు చెప్పారంతే. 1996లోనూ 2000లోనూ వచ్చిన ఈ ఫలితాల దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను, ఈ రోజు మందుల దాకా వచ్చిన దారి ఇక్కడే మొదలైందని నా నమ్మకం.

పాక్స్9 లేకపోయినా, లెఫ్1 లేకపోయినా పళ్ళు సరిగ్గా ఈ మొగ్గ దశలోనే ఆగిపోతాయి. ఇన్ని జన్యువుల దెబ్బ ఒకే చోట పడటానికి కారణముంది. మొగ్గ టోపీ అయ్యేటప్పుడు దాని మధ్యలో ఎనామిల్ నాట్ అని చిన్న కణాల ముడి ఒకటి పుడుతుంది. హెల్సింకీలో ఇర్మా థెస్లెఫ్, యుక్కా యెర్న్‌వాల్ వాళ్ళు దీన్ని బాగా శోధించారు. ఆ ముడిలో కణాలు విభజన ఆపేస్తాయి, కానీ చుట్టుపక్కల కణాలు పెరగడానికి కావాల్సిన ప్రోటీన్లన్నీ అవే వదులుతాయి, పనవగానే చాలావరకు చనిపోతాయి. దవడ పన్ను మీద ఎన్ని గుబ్బలు రావాలి, ఎక్కడెక్కడ రావాలి అన్నది ఈ ముడీ, దీని తర్వాత పుట్టే ముడులూ నిర్ణయిస్తాయి. ముడి పుట్టడానికి కింది పొర జవాబు కావాలి. ఆ జవాబు రాకపోతే ముడి లేదు, ముడి లేకపోతే టోపీ లేదు.

అన్ని మ్యుటేషన్లూ అన్ని పళ్ళనీ ఒకేలా దెబ్బతియ్యవు. డీఎల్ఎక్స్1, డీఎల్ఎక్స్2 రెండూ లేని ఎలుకకి పై వరసలో వెనకుండే దవడ పళ్ళు మాత్రమే రావు, కింది వరసలో మామూలుగానే వస్తాయి. యాక్టివిన్ బీటా-ఏ లేకపోతే ముందు పళ్ళూ, కింది వరస దవడ పళ్ళూ పోయి, పై వరస దవడ పళ్ళు మిగులుతాయి. ఏ పన్ను ఏ ఆకారంలో రావాలో కూడా ఈ ప్రోటీన్ల పంపకమే తేలుస్తుంది. 1998లో లండన్‌లో పాల్ షార్ప్ బృందం పిండం దవడ ముందు భాగంలో బీఎంపీ4 మాట వినపడకుండా అడ్డుకుంటే, కొరికే పన్ను రావాల్సిన చోట కొన్నిటిలో దవడ పన్ను ఆకారం వచ్చింది. కాబట్టి ఎక్స్‌రేలో ఫలానా పన్ను ఒక్కటే లేకపోవడం వింతేం కాదు.

ఇప్పుడు మనుషుల సంగతి. 1996లో ఒక కుటుంబంలో చాలామందికి రెండో అగ్రచర్వణకాలూ జ్ఞానదంతాలూ లేకపోవడానికి కారణం ఎంఎస్ఎక్స్1 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు అని తేలింది. 2000లో ఒక డచ్ కుటుంబంలో అదే జన్యువులో ఇంకో రకం మార్పు ఉంటే, కొందరికి పళ్ళు లేకపోవడంతో పాటు మొర్రి కూడా ఉంది. ఎలుకలో అంగిటి చీలిక, పళ్ళు లేకపోవడం కలిసి వచ్చింది గుర్తుంది కదా. గ్రహణం మీద నెట్టేసిన మొర్రుల్లో కొన్నిటి వెనక ఇలాంటి జన్యువులున్నాయి, ఇంకొన్నిటికి వేరే కారణాలుంటాయి, చంద్రుడికీ సూర్యుడికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. అదే 2000లో పాక్స్9 మార్పు వల్ల ఎక్కువగా దవడ పళ్ళు లేని కుటుంబం కూడా బయటపడింది.

ఇక్కడొక చిక్కుంది. ఎలుకలో ఎంఎస్ఎక్స్1 గానీ పాక్స్9 గానీ ఒక్క ప్రతి చెడిపోయి రెండోది బాగుంటే పళ్ళన్నీ మామూలుగా వస్తాయి. మనుషుల్లో ఒక్క ప్రతి చెడితేనే పళ్ళు తగ్గుతాయి. అంటే జన్యువు ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాన్నుంచి ఎంత ప్రోటీను వస్తోందన్నదీ చూడాలి, మన పళ్ళకి ఆ మోతాదు విషయంలో ఓర్పు తక్కువ. ఎలుకల్లో పాక్స్9 మోతాదుని మెట్లుమెట్లుగా తగ్గిస్తూ వెళ్తే పళ్ళు కూడా అలాగే మెట్లుమెట్లుగా తగ్గుతూ వచ్చాయి, ముందు పోయేది మూడో దవడ పన్ను. వరసలో ఆఖర్న మొదలయ్యే పన్నుకే చాలాసార్లు ముందు దెబ్బ. మనలో జ్ఞానదంతం లేనివాళ్ళు అంతమంది ఉండటానికీ దీనికీ సంబంధం ఉందనే నేను అనుకుంటాను. డబ్ల్యూఎన్‌టీ10ఏ అనే జన్యువు సంగతి ఇంకా వేరు, మనుషుల్లో పళ్ళు పుట్టకపోవడానికి అతి మామూలు కారణాల్లో అదొకటి, ఎలుకలో అది పూర్తిగా పోయినా దవడ పళ్ళు వస్తాయి, ఆకారం మాత్రం మారుతుంది. ఎలుక చెప్పింది మనిషికి మక్కీకి మక్కీ వర్తించదు, పనిచేసే తీరు తెలుస్తుంది.

మేనరికం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎంఎస్ఎక్స్1, పాక్స్9 రకానికి ఒక్క చెడిన ప్రతి చాలు, అది తండ్రి నుంచైనా రావచ్చు, తల్లి నుంచైనా రావచ్చు, కొత్తగా బిడ్డలోనే పుట్టనూ వచ్చు. దీనికి మేనరికంతో పనిలేదు. కొన్ని జన్యువుల్లో మాత్రం రెండు ప్రతులూ చెడితేనే జబ్బు పూర్తిగా బయటపడుతుంది, మేనమామనో బావనో చేసుకున్న ఇళ్ళలో ఆ అవకాశం పెరిగే మాట నిజం. అప్పుడు కూడా సగం తండ్రి నుంచి వచ్చిందే. ఒక్క ఆడమనిషినే నిలబెట్టి అడగడం ఏ లెక్కన చూసినా అన్యాయం.

అన్నిటికంటే మన ఊళ్ళకి బాగా పట్టించుకోవాల్సిన జన్యువు ఈడీఏ. దాన్లో మ్యుటేషన్ ఉన్న ఎలుకల్ని ట్యాబీ ఎలుకలంటారు. వాటికి దవడ పళ్ళు చిన్నగా, గుబ్బలు తక్కువగా ఉంటాయి, మూడోది కొన్నిటికి రాదు, బొచ్చు సరిగ్గా ఉండదు, పాదాల్లో చెమట గ్రంథులు ఉండవు. పన్ను, వెంట్రుక, చెమట గ్రంథి మూడూ పిండంలో పై పొర మందమవ్వడంతోనే మొదలవుతాయి కాబట్టి ఒక్క మాట పోతే మూడూ దెబ్బతింటాయి. మనుషుల్లో ఇదే జన్యువు చెడితే వచ్చే స్థితిని డార్విన్ 19వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. సింధ్‌లో ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకి కొద్దిపాటి పళ్ళే ఉన్నాయని, ఒంటి మీద వెంట్రుకలు తక్కువని, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి చాలా బాధపడేవాళ్ళని, ఆడపిల్లలకి రాకుండా వాళ్ళ ద్వారా కొడుకులకి వస్తోందని. ఈడీఏ ఎక్స్ క్రోమోజోము మీద ఉందని, మగవాళ్ళకి ఆ క్రోమోజోము ఒక్కటే కాబట్టి అలా నడుస్తుందని తర్వాత తెలిసింది. జన్యువు దొరికింది 1996లో.

ఇది చదివి "అయితే తల్లి వైపు నుంచే కదా" అనేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. ఆమెకి అది తన తండ్రి నుంచో తల్లి నుంచో వచ్చి ఉంటుంది, లేదా తనలోనే కొత్తగా పుట్టి ఉంటుంది. ఆమె తెచ్చిపెట్టుకున్నదేం లేదు.

పళ్ళ కంటే ముందు ఇక్కడ ప్రాణం గురించి ఆలోచించాలి. చెమట పట్టని పసిబిడ్డకి మే నెల బెజవాడ ఎండ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పదే పదే కారణం తెలీని జ్వరం, రక్త పరీక్షల్లో ఏమీ తేలదు, పళ్ళు ఆలస్యం, వచ్చినవి మేకుల్లా సూదిగా ఉంటాయి, జుట్టు పల్చన. ఇవన్నీ ఒకే బిడ్డలో కనిపిస్తే పిల్లల డాక్టరుకి ఒకటి, పళ్ళ డాక్టరుకి ఒకటి చెప్పి ఊరుకోవద్దు, మొత్తం కలిపి ఒకరికే చెప్పండి. ఆ బిడ్డకి తడిబట్ట, నీళ్ళు, చల్లని గది అనేవి మందుతో సమానం.

ఎంఎస్ఎక్స్1 మొగ్గకి బయట నుంచి మాట అందించినట్టే ఈడీఏకీ అందించారు. 2003లో గర్భంతో ఉన్న ట్యాబీ ఎలుకలకి ఆ ప్రోటీన్ని ఇస్తే పిల్లలకి బొచ్చూ చెమట గ్రంథులూ వచ్చి జీవితాంతం నిలిచాయి. జర్మనీలో ఎర్లాంగెన్‌లో హోల్మ్ ష్నైడర్ బృందం, ఈ మ్యుటేషన్ ఉందని తెలిసిన కవల మగపిల్లలకి వాళ్ళు ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఉమ్మనీటిలోకి ఆ ప్రోటీన్ని ఎక్కించింది, ఇంకో బిడ్డకి కూడా. 2018లో ఆ ఫలితాలు ప్రచురించారు, ఆ పిల్లలకి చెమట పడుతోంది! మాట సరైన రోజుల్లో అందాలి, ఆ రోజులు దాటితే పొరలు వినడం మానేస్తాయి, అందుకే పుట్టకముందే ఇచ్చారు.

పళ్ళు ఎక్కువైపోయే మ్యుటేషన్లు కూడా ఉన్నాయి. స్ప్రౌటీ అనే జన్యువులు చెడిన ఎలుకకి ముందు పన్నుకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీలో ఒక పన్ను వస్తుంది. అంటే ఆ ఖాళీలో కూడా పన్ను మొగ్గ మొదలై, ఎవరో ఆగమంటే ఆగిపోతోందన్నమాట. యూఎస్ఏజీ-1 అనే ప్రోటీను కూడా అలా ఆపే రకం. క్యోటోలో కత్సు తకహాషి బృందం దాన్ని అడ్డుకునే యాంటీబాడీతో, పళ్ళు పుట్టని ఎలుకల్లో పన్ను మొలిపించి 2021లో ఆ సంగతి ప్రచురించింది. 2024లో క్యోటో యూనివర్సిటీ ఆస్పత్రిలో మనుషుల మీద మొదటి దశ పరీక్ష మొదలైంది, అదీ పన్ను మొలుస్తుందా అని కాదు, మందు ప్రమాదం లేనిదేనా అని చూడటానికి. వాట్సాప్‌లో "జపాన్‌లో పళ్ళు మొలిపించే మందు వచ్చేసింది" అని తిరిగే మెసేజ్ చూసి ఇంప్లాంట్ ఆపుకోవాల్సిన పనిలేదు.

పల్నాడు వైపు కొన్ని ఊళ్ళలో, ప్రకాశంలో, అవతల నల్గొండలో పళ్ళ మీద కనిపించే గోధుమరంగు చారలు ఈ కోవలోకి రావు. అది నీళ్ళలో ఫ్లోరైడ్ పని. పన్ను పుట్టడం సరిగ్గానే పుడుతుంది, ఎనామిల్ గట్టిపడే వయసులో తాగిన నీళ్ళు దాన్ని పాడుచేస్తాయి. దానికి జన్యువుల్ని అనకూడదు, నీళ్ళు మార్చాలి.

మరి ఎక్స్‌రేలో మొగ్గ లేదని తేలిన పిల్లాడికి ఏం చెయ్యాలి? ముందు వయసు చూడండి. రెండో అగ్రచర్వణకం మొగ్గ కొందరిలో ఆలస్యంగా కనిపిస్తుంది, ఆరేళ్ళకే లేదని తీర్మానం చేసెయ్యకుండా ఇంకో రెండేళ్ళకి మళ్ళీ చూడమని అడగొచ్చు. కింద పన్ను లేకపోతే పైన ఉన్న పాలపన్నుని తొందరపడి పీకించొద్దు, పుచ్చిపోకుండా చూసుకుంటే అది పెద్దయ్యాక కూడా చాలా ఏళ్ళు పనిచేస్తుంది. ఒకటి రెండు పళ్ళు లేకపోవడం చాలామందిలో ఉండేదే, జ్ఞానదంతాలు వదిలేసి లెక్కేస్తే వందలో అయిదారుగురికి ఉంటుంది, టెన్షన్ పడాల్సిన పనిలేదు.

ఆరు, అంతకంటే ఎక్కువ లేకపోతే మాత్రం జన్యు పరీక్ష గురించి డాక్టర్ని అడగండి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందేమో కనుక్కోండి. ఆ కనుక్కోవడం నింద వెయ్యడానికి కాదు. 2004లో ఫిన్లాండ్‌లో ఒక కుటుంబంలో చాలా పళ్ళు పుట్టకపోవడం, పెద్దయ్యాక పెద్దపేగు క్యాన్సర్ రెండూ కలిసి నడుస్తున్నాయని గమనిస్తే, కారణం యాక్సిన్2 అనే జన్యువని తేలింది. అలాంటి కుటుంబాలు చాలా అరుదు. కానీ తాతకో మేనత్తకో పళ్ళు తక్కువ ఉండి, పేగు క్యాన్సర్ కూడా వచ్చిందని తెలిస్తే, ఆ ముక్క పళ్ళ డాక్టరు దగ్గరే చెప్పండి, ఆయన అడక్కపోయినా సరే.